పువెబ్లా మఠంలో బిషప్ గుండె

మెక్సికోలోని పువెబ్లా నగరంలో శాంతా మోనికా మఠం ఇప్పుడు మతకళల మ్యూజియం. ఎర్ర ఇటుకలూ, రంగుల తలవేరా పలకలూ కలిపి కట్టిన లోగిలి, మఖమల్ గుడ్డ మీద వేసిన తైలవర్ణ చిత్రాలు చూసేవాళ్లను కట్టిపడేస్తాయి. ఆ బరోక్ పనితనాన్ని కాదనవలసిన పని లేదు. కాని అక్కడే ఒక మనిషి గుండెను కూడా భద్రపరిచారు. సాహిత్య విద్యార్థి నిలబడి ఆలోచించవలసింది దాని ముందే.

అది బిషప్ మనుయేల్ ఫెర్నాందెస్ దె శాంతా క్రూస్ గుండె. 1688లో అగస్టీనియన్ సన్యాసినులకు ఈ మఠాన్ని ఏర్పరచినవాడు ఆయనే. 1690లో ఆయన ఒక చిన్న పుస్తకం అచ్చువేయించాడు. పోర్చుగీసు జెసూయిట్ వియేరా మతప్రసంగాన్ని ఖండిస్తూ మెక్సికో నగర సన్యాసిని, కవయిత్రి సోర్ హ్వానా ఇనెస్ దె లా క్రూస్ రాసిన విమర్శ అది. దానికి బిషప్ తన లేఖనొకటి జోడించాడు. తన పేరు దాచి, సోర్ ఫిలోతెయా అనే సన్యాసిని పేరు పెట్టుకున్నాడు. ఆమె ప్రతిభను మెచ్చుకుంటూనే, లౌకిక విద్యలు తగ్గించి పవిత్ర గ్రంథాల వైపు మళ్లమన్నాడు. అధికారం ఎప్పుడూ గద్దిస్తూనే రాదు. తోటి సోదరిలా బుజ్జగిస్తూ కూడా వస్తుంది.

హ్వానా 1691లో జవాబిచ్చింది. పెళ్లి ఇష్టంలేకే మఠంలో చేరానని చెప్పింది. పుస్తకాలు చదవవద్దని ఆంక్ష పెట్టిన రోజుల్లో కూడా తన పరిశీలన ఆగలేదనీ, వంటింట్లో గుడ్డు వేగే తీరు సైతం తనకు పాఠమేననీ రాసింది. చదువుకున్న స్త్రీల పేర్లు పురాణ చరిత్రల నుంచి వరుసగా సాక్ష్యం పెట్టింది. 1695లో అంటువ్యాధిలో తోటి సన్యాసినులకు సేవచేస్తూ మరణించింది. బిషప్ 1699లో పోయాడు. జవాబు 1700లో గాని అచ్చుకాలేదు.

కాబట్టి మఠాన్ని వట్టి చెరసాల అనడం తొందరపాటు. పెళ్లి తప్ప వేరే దారి లేని సమాజంలో అది కొందరు స్త్రీలకు చదువుకునే గది అయింది. ఆ గదికి తాళం మాత్రం బిషప్ చేతిలో ఉంది. ఈ రెండింటినీ కలిపి చూడని విమర్శ సగం విమర్శే.

1863లో ప్రభుత్వం సన్యాసినుల మఠాలను రద్దుచేసింది. అయినా ఇక్కడి వాళ్లు రహస్యంగా కొనసాగారు. 1934లో పోలీసులు కనిపెట్టాక గాని మఠం మూతపడలేదు. వాళ్లు దాచుకున్న వస్తువులే నేడు ప్రదర్శనలో ఉన్నాయి.

కళను పోషించిన చేయీ, కలాన్ని ఆపమన్న చేయీ ఇక్కడ ఒకటే. ఆ లోగిలి అందం గురించి రాసేవాడు హ్వానా జవాబును కూడా చదివి రాయాలి.