ఓడిన ఆటను మళ్ళీ పేర్చుకోవడం



మొన్న మన హాల్లో పిల్లల చెస్ పోటీ జరిగింది కదా. తొమ్మిదేళ్ళ పిల్లవాడొకడు చేతికొచ్చిన ఆట పోగొట్టుకుని మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. పెద్దవాళ్ళం చుట్టూ చేరి తలా ఒక మాట అన్నాం. కొందరం ఓదార్చాం, కొందరం మందలించాం. ఆ ఆటలో ఏం జరిగిందో మాత్రం మాలో ఒక్కరూ అడగలేదు. ఇంటికొచ్చాక అది నన్ను నిద్రపోనివ్వలేదు. అందుకే ఇంత పొడుగు రాత. ఓపికగా చదవండి.

నేను చదరంగం నేర్చుకున్నది చింతాద్రిపేటలో మా తాతగారింటి తిన్నె మీద. ఆయన ఆట పాత పద్ధతి. బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడిచేది. రాజు ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలాగా దూకొచ్చు. రాజు, ఏనుగు ఒకే ఎత్తులో చోటు మార్చుకునే క్యాజ్లింగ్ అన్నది ఆయనకు తెలియదు, నాకూ తెలియదు. స్కూలు పోటీకి వెళ్ళిన రోజున ఎదుటి కుర్రాడు రెండు పావుల్ని ఒకేసారి జరిపితే "దొంగాట!" అని అరిచాను. హాలంతా నవ్వింది. నా ఆట తప్పు కాదనీ, రెండు పద్ధతుల మధ్య నలిగిన చరిత్ర అనీ చాలా ఏళ్ళ తర్వాత గాని తెలియలేదు.

ఆ నలుగుడు నాతో మొదలైంది కాదు. 1814లో బొంబాయిలో చదరంగం మీద ఒక ఇంగ్లీషు పుస్తకం అచ్చయింది. సంస్కృతం నుంచి అనువాదం. రాసినది తిరువేంగడాచార్య శాస్త్రి. పేరులోనే తిరుమల కొండ ఉంది, గమనించారా? యూరోపియన్ ఆట పద్ధతికి అనువుగా మార్చిన వ్యాసాలని, నేర్చుకునేవాడి ఆట మెరుగుపరచడానికని పుస్తకం పేరులోనే రాసుకున్నారు. అంటే రెండు వందల ఏళ్ళ క్రితమే మనవాళ్ళకు ఈ సమస్య ఎదురైంది: తెలిసిన ఆటను మార్చుకుని మళ్ళీ నేర్చుకోవడం.

ఈ కష్టం ఎంతటిదో మీర్ సుల్తాన్ ఖాన్ కథ చెబుతుంది. పంజాబువాడు. సర్ ఉమర్ హయాత్ ఖాన్ అనే జమీందారు దగ్గర ఉండేవాడు. చిన్నప్పటి నుంచి ఆడింది మన దేశపు పద్ధతి. పెద్దయ్యాక పాశ్చాత్య నియమాలు నేర్చుకుని 1928లో అఖిల భారత పోటీ గెలిచాడు. 1929లో యజమానితో లండన్ వెళ్ళి ఆ ఏడే బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. 1932, 1933లలో మళ్ళీ అయ్యాడు. హేస్టింగ్స్ పోటీలో కాపబ్లాంకా అంతటి మాజీ ప్రపంచ విజేతనే ఓడించాడు. అయినా ఓపెనింగుల్లో ఆయన ఎప్పుడూ వెనకే. యూరప్‌వాళ్ళు చిన్నప్పుడే వంటబట్టించుకున్న తొలి ఎత్తుల్ని ఆయన బోర్డు ముందు కూర్చుని అప్పటికప్పుడు ఆలోచించుకోవలసి వచ్చేది. ఆట మధ్యలోకి, చివరికి వస్తే మాత్రం ఆయన్ను పట్టుకోవడం కష్టం. 1933లో యజమానితోపాటు తిరిగొచ్చాక ఆ పెద్ద పోటీల ముఖం మళ్ళీ చూడలేదు. 1966లో కన్నుమూశారు. ప్రపంచ చెస్ సమాఖ్య గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది 2024లో!

తెలిసినదాన్ని మార్చుకోవడం ఎందుకింత కష్టం? 1973లో అమెరికాలో ఛేజ్, సైమన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక పరీక్ష పెట్టారు. నిజమైన ఆటలోని బోర్డును ఐదు క్షణాలు చూపిస్తే మాస్టరు పావుల స్థానాలు చాలా మటుకు చెప్పేశాడు, కొత్తవాడు తడబడ్డాడు. అవే పావుల్ని ఇష్టమొచ్చినట్టు చల్లితే మాస్టరు ఆధిక్యం దాదాపు మాయమైంది. అంటే మాస్టరుది గొప్ప జ్ఞాపకశక్తి అని కాదు, అలవాటైన కన్ను. ఆ కన్ను వేల ఆటలతో తయారవుతుంది. తప్పుగా అలవాటైతే తప్పే కనబడుతుంది. దాన్ని సరిచేయాలంటే తప్పిన చోటికి తిరిగి వెళ్ళాలి. వేరే దారి లేదు.

తర్వాతి తరానికి వచ్చిన కష్టం వేరు. నియమాలు తెలుసు, పుస్తకాలు లేవు, గట్టి ప్రత్యర్థులు లేరు. మాన్యుయెల్ ఆరన్ బర్మాలో పుట్టి తమిళనాడులో పెరిగారు. 1960 లైప్‌జిగ్ ఒలింపియాడ్‌లో మాజీ ప్రపంచ విజేత మాక్స్ యూవేను ఓడించారు. 1961లో దేశపు మొదటి ఇంటర్నేషనల్ మాస్టర్ అయ్యారు. రెండో మాస్టర్ రావడానికి 1978 దాకా ఆగాల్సి వచ్చింది. పదిహేడేళ్ళు! ఆ కొరత తీర్చడానికి ఆరన్ 1972లో మన మద్రాసులోనే, సోవియట్ సాంస్కృతిక కేంద్రంలో, తాల్ చెస్ క్లబ్ మొదలుపెట్టించారు. రష్యా పుస్తకాలు, పత్రికలు, కూర్చుని ఆడుకోవడానికి బల్లలు. మద్రాసు చెస్ కథ అక్కడ మలుపు తిరిగింది.

ఆ బల్లల దగ్గరే చిన్న ఆనంద్ ఆడాడు. గెలిచినవాడు కూర్చుంటాడు, ఓడినవాడు లేచి వరసలో నిలబడాలి. లేచి నిలబడటం, మళ్ళీ వచ్చి కూర్చోవడం, అదే అక్కడి చదువు. 1987లో ప్రపంచ జూనియర్ విజేత, 1988లో దేశపు మొదటి గ్రాండ్‌మాస్టర్. 2024 నాటికి మన దేశంలో గ్రాండ్‌మాస్టర్ల సంఖ్య 80 దాటింది. అదే ఏడు బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో రెండు స్వర్ణాలూ మనవే. ఆ జట్లలో గుంటూరు హరికృష్ణ, వరంగల్ అర్జున్, గుంటూరు హారిక, మన చెన్నైలో తెలుగింట పుట్టిన గుకేశ్ ఉన్నారంటే ఛాతీ ఉప్పొంగదా?

ఇప్పుడు పిల్లలకు నియమాల గొడవ లేదు. పుస్తకాలకు కొదవ లేదు. ప్రత్యర్థి అర్ధరాత్రి కూడా ఫోన్లో దొరుకుతాడు. 1997లో కాస్పరోవ్‌ను ఓడించిన యంత్రం కంటే బలమైనది జేబులో ఉంది. మరి కష్టమేది? ఓడిన క్షణాన "కొత్త ఆట" అనే మీట ఎదురుగా ఉండటమే. నొక్కితే బాధ పోతుంది, తప్పు మిగిలిపోతుంది. పోనీ యంత్రాన్ని అడిగితే సరైన ఎత్తు చెబుతుంది గాని, మనం ఆ తప్పు ఎత్తు ఎందుకు వేశామో చెప్పదు. అది మన బుర్రలోనే వెతుక్కోవాలి. గుకేశ్‌ను ఆయన గురువు విష్ణు ప్రసన్న చాలా ఏళ్ళు కంప్యూటర్ విశ్లేషణకు దూరంగా ఉంచి పెంచడంలో అర్థం ఇదే అనుకుంటాను.

2024 ఏప్రిల్‌లో టొరంటో క్యాండిడేట్స్ పోటీ ఏడో రౌండులో గుకేశ్ గడియారం ఒత్తిడిలో ఫిరూజా చేతిలో ఓడిపోయాడు. మర్నాడు విశ్రాంతి రోజు. ఆ ఓటమే తనకు బలమిచ్చిందని తర్వాత చెప్పాడు. పోటీ గెలిచాడు. నవంబరులో సింగపూరులో డింగ్ లిరెన్ మీద మొదటి ఆటే ఓడాడు. పన్నెండోదీ ఓడాడు. పద్నాలుగోది గెలిచి 18 ఏళ్ళకే ప్రపంచ విజేత అయ్యాడు. మనం ఆ పద్నాలుగో ఆటనే మళ్ళీ మళ్ళీ చూస్తున్నాం. మొదటిదీ పన్నెండోదీ పిల్లలకు ఎవరైనా చూపించారా?

ఒక మాట ఒప్పుకోవాలి. మా అమ్మాయి పదకొండేళ్ళప్పుడు ఒక పోటీలో ఓడింది. ఆటోలో ఇంటికొస్తూ దారి పొడుగునా తిట్టాను. ఇంటికి రాగానే బోర్డు అటక మీద పెట్టేసింది. మళ్ళీ దించలేదు. మా తాతగారు నన్ను ఎన్నోసార్లు ఓడించారు గాని ఒక్కసారీ తిట్టలేదు. పావులు మళ్ళీ పేర్చి, "ఎక్కడ తప్పావో నువ్వే చూపించు నాయనా" అనేవారు. పాత నియమాలతోపాటు ఆ పద్ధతిని కూడా పారేసుకున్నాను. నియమాలు పోతే పోయాయి. అది పోకూడదు.

అందుకని కార్యవర్గానికి నా మనవి. వచ్చే పోటీలో పిల్లలందరూ ఎత్తులు రాసుకోవాలి. ప్రతి ఆట అయ్యాక ఇద్దరూ పావుగంట కూర్చుని ఆ ఆటను మళ్ళీ పేర్చుకోవాలి. ఆ పావుగంట పెద్దవాళ్ళం హాలు బయట ఉండాలి, నాతో సహా. బోర్డులు, కాగితాలు, కాఫీ ఖర్చు నాది. మీ ఇళ్ళలో పాత పద్ధతి చదరంగం ఎరిగిన పెద్దలెవరైనా ఉంటే ఆ రోజు తప్పక వెంటబెట్టుకు రండి.