కలిపి విడదీసే చుక్క

మా చిన్నప్పుడు జ్వరం తెచ్చుకున్నవాళ్ళ కంటే థర్మామీటరు పగలగొట్టినవాళ్ళకే ఇంట్లో ఎక్కువ హడావిడి జరిగేది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఆ ఘనకార్యం నేనే చేశాను. గచ్చుమీద వెండిపూసల్లా పరుగెత్తిన పాదరసాన్ని అగ్గిపెట్టెలోకి తోసి, రెండు చుక్కల్ని ఒక్కటి చేయడం, మళ్ళీ పుల్లతో విడగొట్టడం – ఆ ఆటలో అన్నం సంగతే మర్చిపోయాను. అమ్మ తిడుతూ ఎత్తబోతే వేలి ఉంగరానికి అంటుకుని, పచ్చటి బంగారం కాస్తా తెల్లబడింది. మా కంసాలి దాన్ని కుంపట్లో కాల్చి మళ్ళీ పచ్చగా చేసిచ్చాడు. ఆ వింత చూడాలని నేను కుంపటి పక్కనే కూర్చున్నాను.

నేనాడిన ఆ ఆటే విద్యుత్తుకి స్విచ్ అయిందని చాలా ఏళ్ళకి గానీ తెలీలేదు. స్విచ్ అంటే ఏముంది చెప్పండి? కలయికా, వియోగమూ! రెండు తీగల కొసలు కలిస్తే దీపం వెలుగుతుంది, విడిపోతే ఆరుతుంది. అయితే గట్టి లోహాలు కలిసి విడిపోయే చోట నిప్పురవ్వ పుడుతుంది. ఆ చోటు మాడుతుంది, అరుగుతుంది. పాదరసం ద్రవం కదా! మళ్ళీ కలిసినప్పుడల్లా దానికి కొత్త ముఖమే. నిన్నటి గాయం ఇవాళ కనిపించదు. మనుషులకీ ఆ గుణం వుంటే ఎన్ని కాపురాలు చక్కబడేవో!

ఈ సంగతి మొదట్లోనే పనికొచ్చింది. 1821లో లండన్‌లో మైకేల్ ఫారడే ఒక తీగని వేలాడదీసి, దాని కొసని పాదరసం గిన్నెలో ముంచాడు. విద్యుత్తు పారేసరికి తీగ అయస్కాంతం చుట్టూ గిరగిర తిరిగింది. తిరగాలంటే అడ్డుండకూడదు, విద్యుత్తు పారాలంటే స్పర్శ తెగకూడదు. రెండూ కుదిర్చింది పాదరసమే. 1831లో అమెరికాలో ఆల్బనీ అకాడమీ ఉపాధ్యాయుడు జోసెఫ్ హెన్రీ ఒక విద్యుదయస్కాంతాన్ని తూగుడుబల్లలా అమర్చాడు. అటూ యిటూ పాదరసం పోసిన చిన్న గిన్నెలు. అవేమిటో తెలుసా? కుట్టుపని చేసేటప్పుడు సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే యిత్తడి టోపీల్లాంటివి! తీగ కొసలు ఒకసారి ఇటు, ఒకసారి అటు మునుగుతుంటే, ఆ బల్ల నిమిషానికి 75 సార్లు చొప్పున గంటకి పైగా వూగిందట.

తర్వాత ఆ చుక్క గాజుబుడ్డిలో చేరి గోడెక్కింది. చలిదేశాల ఇళ్ళలో వేడిని అదుపు చేయడానికి 1953లో హనీవెల్ కంపెనీ గుండ్రటి థర్మోస్టాట్‌ని తెచ్చింది. దానికి రూపం దిద్దింది హెన్రీ డ్రేఫస్. లోపల రెండు లోహాలు అతికించి చుట్టిన రేకు. గది చల్లబడితే అది మెలితిరిగి, పైనున్న గాజుబుడ్డిని వొరగేస్తుంది. చుక్క దొర్లి తీగల్ని కలుపుతుంది. మూత వేసిన గాజు గనక దుమ్ము పడదు, చప్పుడు కాదు.

అదే ఏడు విట్నీ అనే శాస్త్రవేత్త సన్నటి రబ్బరు గొట్టంలో పాదరసం నింపి మనిషి పిక్కకి చుట్టే పద్ధతిని ప్రచురించాడు. రక్తం చేరి పిక్క ఉబ్బితే గొట్టం సాగుతుంది, లోపలి పాదరసం ధార సన్నబడి విద్యుత్తుకి అడ్డు పెరుగుతుంది. దాన్నిబట్టి రక్త ప్రవాహాన్ని లెక్కకట్టేవారు. వొంటితోపాటు సాగే మెత్తటి తీగకి అది ముత్తాత అన్నమాట.

ఇన్ని గుణాలున్న పాదరసం విషం కూడాను. 1956లో జపాన్‌లోని మినమాటా వూళ్ళో వింత జబ్బు బయటపడింది. ఫ్యాక్టరీ మురుగులోని పాదరస సమ్మేళనం చేపల్లోకి, చేపల్నుంచి మనుషుల్లోకి, తల్లి గర్భంలోంచి బిడ్డల్లోకి పాకింది. నా అగ్గిపెట్టెలోది ఆ సమ్మేళనం కాదు, కానీ దాని ఆవిరి కూడా కంటికి కనపడని విషమే. ఆ వూరి పేరుతోనే 2013లో చాలా దేశాలు ఒప్పందం చేసుకున్నాయి, 2018లో మన దేశమూ చేరింది. కొద్ది మినహాయింపులు తప్ప 2020 తర్వాత పాదరసం స్విచ్‌లు తయారు చేయకూడదన్నారు.

మరి దాని చోటికి ఎవరొస్తారు? గాలియం వచ్చింది. మెండలీవ్ 1871లో లెక్కకట్టి, వుండి తీరాలన్న లోహం అది. 1875లో ఫ్రెంచివాడు బువాబోద్రాన్ కనిపెట్టాడు. దాదాపు 30 డిగ్రీలకే కరుగుతుంది, అంటే మన అరచేతిలోనే! ఇండియం, తగరం కలిపితే గడ్డకట్టే చలిలోనూ ద్రవంగానే వుంటుంది. పాదరసంలా ఆవిరై గాల్లో కలవదు. కానీ గాలి తగిలితే వెంట్రుకకంటే వేల రెట్లు పల్చని పొర కట్టి, గాజుకి అంటుకుపోతుంది. దొర్లాల్సిన స్విచ్‌కి అది తప్పే. మెత్తటి తీగలకి మాత్రం ఆ పొరే వరం, ద్రవాన్ని చెదరకుండా పట్టివుంచుతుంది. 2012లో నార్త్ కరొలైనా స్టేట్ యూనివర్సిటీలో మైకేల్ డికీ బృందం ఇలాంటి లోహాన్ని రబ్బరులాంటి గొట్టంలో నింపింది. ఎనిమిది రెట్ల పొడవు సాగినా ఆ తీగ పనిచేసింది. ఒక్క జాగ్రత్త: గాలియాన్ని అల్యూమినియం గిన్నె దగ్గరికి రానీయకండి, గిన్నెని పెళుసు చేసేస్తుంది.

ఆమధ్య మా ఇంట్లో పాత థర్మామీటరు పగిలింది. మా అమ్మాయి, "ఒక్కసారి రెండు చుక్కలూ కలిపి చూస్తానమ్మా" అంటూ వంగింది. చెయ్యి పట్టుకుని ఆపాను. కిటికీలు తెరిచాను. చీపురు పెడితే చుక్కలు ఇంకా చిన్నవై చెదురుతాయని, గట్టి అట్టముక్కతో మెల్లగా ఎత్తి గాజుసీసాలో వేసి మూత బిగించాను. ఆ రాత్రి మా కంసాలి గుర్తొచ్చాడు. ఉంగరం కాలుస్తుంటే లేచిన ఆవిరిలో వున్నది పాదరసమే. నేను పీల్చింది ఒక్క పూట. ఆయన జీవితమంతా ఆ కుంపటి ముందే కూర్చున్నాడు. కిటికీ తెరవమని ఆయనకి చెప్పినవాళ్ళెవరూ లేరు.