కొటియా: రెండు పేర్లున్న ఊళ్లు

ఒడిశా రికార్డుల్లో గంజాయిపదర్, ఆంధ్రప్రదేశ్ రికార్డుల్లో గంజాయిభద్ర. ఫాగునసినేరి ఇటు పగులుచెన్నేరు అవుతుంది. ఊరూ ఒకటే, మనుషులూ వాళ్లే. కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకుకూ, పార్వతీపురం మన్యం జిల్లా సాలూరు మండలానికీ మధ్య తూర్పు కనుమల్లో ఉన్న కొటియా గ్రామాల్లో 21 తమవేనని రెండు రాష్ట్రాలూ అంటున్నాయి.

తగాదా మూలం 1936 ఏప్రిల్ 1. ఆ రోజు ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైంది. మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లా నుంచి జయపురం జమీందారీ అటు వెళ్లింది, సాలూరు ఇటే ఉండిపోయింది. మధ్యనున్న ఈ కొండ ఊళ్లను సర్వే చేయకుండా వదిలేశారు. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకెక్కింది. యథాతథ స్థితి కొనసాగించమని కోర్టు చెప్పింది. 2006లో దావా ముగిసింది గానీ హద్దు తేలలేదు. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ఇక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే, ఒడిశా కోర్టు ధిక్కార పిటిషన్ వేసింది.

ఈ దావా చరిత్రనే ఊరి చరిత్రగా రాయడం నాకు ఎప్పుడూ వింతగా తోస్తుంది. జమీందారీ హద్దుకంటే ముందునుంచీ ఇక్కడి కోదులు పోడు కొట్టి చోళ్లు, సామలు పండిస్తున్నారు. వాళ్ల కువి భాష తెలుగుతో పాటే దక్షిణ మధ్య ద్రావిడ శాఖకు చెందింది. దాన్ని ఇటు తెలుగు లిపిలో, అటు ఒడియా లిపిలో రాస్తారు. చైత్రమాసపు పండుగకు ఇటు ఇటుకల పండుగనీ, అటు చైత పరబ్ అనీ పేరు.

రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు ఉన్నవాళ్లను పత్రికలు అదృష్టవంతులన్నట్టు చూపిస్తాయి. అసలు చిక్కు భూమి దగ్గర ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం దరఖాస్తు మొదట గ్రామసభ ముందుకు రావాలి. ఆ సభను ఏ రాష్ట్రపు పంచాయతీ కింద లెక్కించాలి? ఆదివాసీ భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా ఆంధ్రప్రదేశ్‌లో 1/70 చట్టం ఉంది, ఒడిశాలో 1956 నాటి 2వ రెగ్యులేషన్ ఉంది. రెంటి విచారణాధికారులూ వేరు. రేపు ఒక కోదు రైతు భూమి చేజారితే ఫిర్యాదు పట్టుకుని సాలూరు వైపు కొండ దిగాలో, పొట్టంగి వైపు దిగాలో చెప్పే కాగితం ఇంతవరకూ లేదు.