తరగతి గదిలో మాట కలిపే కవిత

తూర్పు ఢిల్లీలోని మయూర్ విహార్‌లో ఒక పక్క అపార్ట్‌మెంట్లు, మరో పక్క యమున ఒడ్డున చిల్లా ఖాదర్ పొలాలు, గుడిసెలు ఉంటాయి. 2023 జూలై 13న యమున నీటిమట్టం 208.66 మీటర్లకు చేరి, 1978 నాటి 207.49 మీటర్ల రికార్డును దాటింది. ఆ రోజుల్లో ఒడ్డున బతికే కుటుంబాలు ఈ ప్రాంతంలోనే రోడ్ల పక్కన గుడారాల్లో తలదాచుకున్నాయి. అపార్ట్‌మెంట్ల పిల్లలకు అదే వరద టీవీలో వార్త.

ఈ రెండు రకాల పిల్లలూ ఒకే తరగతిలో కూర్చునే వీలును విద్యాహక్కు చట్టం కల్పించింది. సెక్షన్ 12(1)(సి) ప్రకారం మైనారిటీ సంస్థలు కాని ప్రైవేటు పాఠశాలలు ప్రవేశ తరగతిలో కనీసం 25 శాతం సీట్లు బలహీన, అణగారిన వర్గాల పిల్లలకు ఇవ్వాలి. అయితే చట్టం సీటు ఇప్పించగలదు గానీ స్నేహం ఇప్పించలేదు. ఆ పనికి పనికొచ్చే సాధనాల్లో కవితారచన ఒకటి.

అమెరికన్ కవి కెనెత్ కోక్ 1968లో న్యూయార్క్‌లోని పి.ఎస్. 61 ప్రాథమిక పాఠశాలలో పిల్లల చేత కవితలు రాయించడం మొదలుపెట్టారు. ఒక్కొక్కరూ తమ కోరికతో ఒక్కో వాక్యం రాస్తే, అన్నిటినీ కలిపి తరగతి మొత్తానికి ఒకే కవితగా చదివారు. ప్రాస కోసం పట్టుబట్టలేదు. ఈ అనుభవాలను 1970లో పుస్తకంగా తెచ్చారు.

మనకూ ఇది కొత్త కాదు. శతకంలో మకుటం ప్రతి పద్యానికీ ఒకటే. చెప్పే సంగతి వేరు. అవధానంలో పృచ్ఛకుడు సమస్య ఇస్తే, అవధాని పూరిస్తాడు. ఒకరు అందిస్తే మరొకరు అందుకోవడమే సంభాషణ.

తరగతిలో దీన్ని సులువుగా చేయవచ్చు. "మా కిటికీలోంచి చూస్తే..." అనే మొదలు అందరికీ ఇవ్వాలి. ప్రతి బిడ్డా తనకు వచ్చిన భాషలో ఒక వాక్యం చెప్పాలి. రాయలేనివారి మాటను టీచరు రాసిపెట్టాలి. తర్వాత పక్కవాడి వాక్యం చదివి ఒక ప్రశ్న అడగాలి. దానికి జవాబు మరో వాక్యం అవుతుంది. మా ఇంటికి కిటికీయే లేదని ఒక పాప చెబితే, అదీ కవితలో చేరుతుంది. పక్క పిల్లవాడి ప్రశ్న అక్కడే మొదలవుతుంది.

టీచరు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. మార్కులు, బహుమతులు పెట్టకూడదు. అక్షరదోషాల దిద్దుబాటు మరో రోజుకు వాయిదా వేయాలి. వరదలో ఇల్లు పోయిన బిడ్డ చేత ఆ కథ బలవంతంగా చెప్పించకూడదు. పేదరికాన్ని ప్రదర్శనగా మార్చితే ఆ బిడ్డ మరోసారి నోరు విప్పదు.