పందెపు కారులో తలకు కాపు: శిరస్త్రాణపు కథ

కృష్ణ దాటి దక్షిణంగా సాగే జాతీయ రహదారి తాడేపల్లి, మంగళగిరుల ప్రక్కగా, ఒంగోలు, నెల్లూరుల మీదుగా చెన్నైకి పోతున్నది. ప్రత్తి బోరేలు, మిరప టిక్కీలు వేసుకొన్న లారీలకు ఇది పరిచితమైన దారి. ఈ దారినే పోతే చెన్నై చేరే ముందు షోలవరం వస్తుంది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అక్కడ విమానాలు దిగుటకు ఒక బాట వేసినారు. యుద్ధం ముగిసినది, విమానాలు పోయినవి, వాటి స్థానే కార్లు, మోటారు సైకిళ్ళు వచ్చినవి. 1953లో స్థాపితమైన మద్రాసు మోటారు స్పోర్ట్స్ క్లబ్బు ఏటేటా అక్కడ పందేలు నడిపినది. 1990లో ఇరుంగాట్టుకోట్టై వద్ద పందేల కోసమే నిర్మించిన బాట ప్రారంభమైనది.

ఇట్టి పందేలలో పాల్గొనేవారు చాలమంది ఔత్సాహికులు. వారమంతా వేరే వృత్తి చేసుకొని, సెలవు దినాన కారెక్కేవారు. వారు కొనుక్కొనే వస్తువులలో ప్రాణంతో ముడిపడినది శిరస్త్రాణం, అనగా హెల్మెట్టు. దానిని ఎట్లా ఎంచుకోవాలి? ఈ ప్రశ్నకు సమాధానం దుకాణంలో కంటె చరిత్రలోనే చక్కగా దొరుకుతుంది.

1914వ సంవత్సరంలో ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్ పందెపు బాటకు ఎరిక్ గార్డనర్ వైద్యాధికారిగా ఉండేవాడు. మోటారు సైకిళ్ళ మీదినుండి పడి తల పగిలినవారు తరచుగా ఆయన వద్దకు వచ్చేవారు. ఆయన కాన్వాసు గుడ్డకు లక్క పూయించి గట్టి టోపీ చేయించినాడు. ఆ ఏడే ఐల్ ఆఫ్ మాన్ పందెంలో దానిని నిర్బంధం చేసినారు. కాని పందేల బయట దానిని పట్టించుకొన్నవారు లేరు.

1935 మే నెలలో 'లారెన్స్ ఆఫ్ అరేబియా'గా పేరొందిన టి. ఇ. లారెన్స్ మోటారు సైకిలు ప్రమాదంలో గాయపడి, ఆరు రోజులకు మరణించినాడు. ఆయనను చూసిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఒకడు. ఆ మరణం ఆయనను ఊరకుండనీయలేదు. యుద్ధకాలంలో సైనిక వార్తాహరులకు తగిలిన గాయాలను పరిశీలించి, శిరస్త్రాణం ప్రాణం కాపాడుతుందని 1941లో వ్యాసం ప్రకటించినాడు. ఆ ఏడే బ్రిటిషు సైన్యం తన మోటారు సైకిలు వార్తాహరులకు దానిని తప్పనిసరి చేసినది. 1943లో ఆక్స్‌ఫర్డులోని హోల్‌బోర్న్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు జెలటిన్‌తో మెదడు నమూనాలు చేసి, తల హఠాత్తుగా గిరుక్కున తిరిగినప్పుడు మెదడుకు ఎక్కువ హాని కలుగుతుందని చూపినాడు.

టోపీ గట్టిగా ఉంటే చాలునా? చాలదు. మిర్చి యార్డులో ఎత్తునుండి దూకవలసి వస్తే సిమెంటు నేల మీదికి దూకుతామా, ప్రత్తి కుప్ప మీదికి దూకుతామా? వేగం రెండింటికీ ఒకటే. ఆగే దూరం వేరు. లెక్క చూడండి. రెండున్నర మీటర్ల ఎత్తునుండి పడిన తల నేలను తాకేసరికి వేగం సెకనుకు 7 మీటర్లు. ఈ వేగపు వర్గాన్ని ఆగిన దూరపు రెట్టింపుతో భాగిస్తే సగటు ఋణత్వరణం వస్తుంది. తల అర సెంటీమీటరులో ఆగినదనుకొంటే అది గురుత్వ త్వరణానికి 500 రెట్లు. 3 సెంటీమీటర్లలో ఆగితే 83 రెట్లు మాత్రమే. ఆరవ వంతుకు తగ్గినది గదా! పై డొల్ల దెబ్బను నలుదిక్కులకు పంచుతుంది. లోపలి పొర నలిగి, ఆ రెండున్నర సెంటీమీటర్లను సంపాదించి పెడుతుంది.

ఈ సూత్రాన్ని అనుసరించి దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన చార్లెస్ లొంబార్డ్, మరొకరితో కలసి, నలిగే పొర గల శిరస్త్రాణాన్ని రూపొందించినాడు. దానికి 1953లో పేటెంటు లభించినది. తరువాత ఆ పొరకు కుదిరిన పదార్థం మనం 'థర్మోకోల్' అనే ఉబ్బించిన పాలిస్టైరీన్. అది రబ్బరువలె తిరిగి తన్నదు. నలిగి అట్లే ఉండిపోతుంది. దానిలోని మేలు అదే.

1956 చివరిలో అమెరికాలో పీట్ స్నెల్ అనే ఔత్సాహికుడు పందెంలో కారు తిరగబడి మరణించినాడు. ఆయన తలపై శిరస్త్రాణం ఉన్నది. కాని అది కాపాడలేదు. దుకాణంలో అమ్మే వాటిలో ఏది పనిచేస్తుందో ఎవరూ పరీక్షించి చెప్పని కాలమది. మిత్రులు 1957లో ఆయన పేర ఒక సంస్థను స్థాపించినారు. జార్జి స్నైవ్లీ అనే వైద్యుడు పరీక్షలు జరుపగా 1959లో తొలి ప్రమాణం వెలువడినది. నేటి 'స్నెల్' గుర్తు ఒక ఔత్సాహికుని మరణం నుండి పుట్టినదని ఎంతమందికి తెలుసు?

1968లో డాన్ గర్నీ ముఖమంతా కప్పే శిరస్త్రాణంతో గ్రాన్ ప్రీ పందెంలో పాల్గొన్నాడు. 2001 ఫిబ్రవరిలో అమెరికా పందెగాడు డేల్ ఎర్న్‌హార్ట్ కపాలపు అడుగు భాగం విరిగి మరణించినాడు. శరీరాన్ని పట్టీలు ఆపగా, తల ముందుకు విసురుకొనిపోవుటే ఇట్టి గాయానికి కారణం. దీనికి విరుగుడుగా రాబర్ట్ హబ్బర్డ్ అనే ఆచార్యుడు 1980 దశకంలోనే భుజాల మీద ఆనే 'హాన్స్' పరికరాన్ని రూపొందించి ఉన్నాడు. 2003 నుండి ఫార్ములా వన్‌లో అది నిర్బంధమైనది.

ఇక ఎంపిక సులభం. మన రహదారిపై ద్విచక్ర వాహనానికి ఐ.ఎస్.ఐ. గుర్తు గల హెల్మెట్టు తగినది. పందెపు కారుకు అది చాలదు. కారులో నిప్పు అంటుకొనవచ్చును. తల రక్షణ చట్రపు ఇనుప కడ్డీకి మళ్ళీ మళ్ళీ తగులవచ్చును. అందుకే స్నెల్ సంస్థ కార్లకు 'ఎస్.ఎ.' తరగతిని, మోటారు సైకిళ్ళకు 'ఎం.' తరగతిని వేరుచేసినది. మొదటి దానికి మంట పరీక్ష, కడ్డీ దెబ్బ పరీక్ష కూడా ఉన్నవి. హాన్స్ కొక్కేలు తగిలించే వీలున్నదా, పందెపు నియమావళి ఏ సంవత్సరపు ప్రమాణాన్ని అంగీకరిస్తున్నది అనేవి కూడా చూడాలి. తలకు బిగువుగా అమరాలి. పట్టీ బిగించి వెనుకనుండి పైకి నెట్టితే ఊడిరాకూడదు. ఒకసారి దెబ్బతిన్నదానిని, పైకి ఎంత నునుపుగా కనిపించినా, వాడరాదు. లోపలి పొర నలిగినదీ లేనిదీ కంటికి తెలియదు. ఇతరులు వాడినదానిని చౌకగా కొనరాదనుటకు కారణం ఇదే.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగరు ఒడ్డున విద్యుత్తు కార్ల ఫార్ములా ఇ పందెం జరిగినప్పుడు మన యువకులు ఆ వేగాన్ని దగ్గరనుండి చూసినారు. వేగం మీద మోజు పుట్టుట సహజం. అయితే ఆ పందెగాళ్ళ తలలపై ఉన్నది వట్టి అలంకారం కాదు. ఒక వైద్యుని పట్టుదల, ఒక భౌతిక శాస్త్రజ్ఞుని జెలటిన్ ముద్ద, ఒక ఔత్సాహికుని మరణం అందులో ఇమిడి ఉన్నవి. తాడేపల్లి నుండి మోటారు సైకిలుపై కాలేజీకి పోయే విద్యార్థి హెల్మెట్టులోనూ అదే భౌతిక సూత్రం పనిచేస్తున్నది. కాని అది పనిచేయవలసినది తలపై ఉండి. పెట్రోలు ట్యాంకుపై పెట్టుకొన్న హెల్మెట్టు ఏ సూత్రానికీ లొంగి మనలను కాపాడదు.