రెండు చక్రాలూ తిరగాలండీ

అంబాజీపేట నుంచి అమలాపురం పోయే రోడ్డు పక్కన, కొబ్బరి చెట్ల కింద ఒక రేకుల షెడ్డు. బయట మంచు ఇంకా విడలేదు. లోపల ఒక థార్, వెనక చక్రాలు రెండూ ఊడదీసి, ఇనప స్టాండ్ల మీద నిలబెట్టి ఉంది. మీరు వంగి కిందికి చూసేసరికి ముందు తగిలేది పాత గేరాయిల్ వాసన. ఘాటుగా, గంధకం కలిసిన వాసన. చొక్కాకి అంటిందంటే రెండు ఉతుకులకి గానీ పోదు. కుర్రాడు డిఫ్రెన్షియల్ హౌసింగ్ వెనక మూత బోల్టులు ఒక్కొక్కటే వదులు చేస్తున్నాడు. అడుగు బోల్టు వదలగానే నల్లటి నూనె సన్నగా ధార కట్టి బేసిన్‌లోకి దిగుతుంది. మేస్త్రీ రెండు వేళ్లు అందులో ముంచి, బొటనవేలితో రుద్ది, గుమ్మం వైపు తిరిగి వెలుతురులో చూస్తాడు. సన్నటి మెరుపు మాత్రమే ఉంటే ఫరవాలేదు, అది అరుగుదల. వేలికి రవ్వ గుచ్చుకుంటే మాత్రం లోపల పన్ను రాలుతున్నట్టే.

"బానే ఉందండి. మీ క్రౌన్ గేరుకి ఇంకా ఆయుష్షుంది" అంటాడు.

"ఆయ్, అదే కావాలి మేస్త్రీగారూ" అని బండి ఆయన కుర్చీ ముందుకి జరుపుకుంటాడు.

ఈయనది పి.గన్నవరం అవతల ఒక లంక. అరటి, కొబ్బరి. గోదావరి పొంగితే కాజ్‌వేలు మునుగుతాయి. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే మునగడం ఆ చుట్టుపక్కల వాళ్లకి కొత్త వార్త కాదు. వరద తీశాక రోడ్డు మీద మిగిలేది ఒండ్రు. పైకి ఆరినట్టే కనపడుతుంది. చక్రం పడ్డాక తెలుస్తుంది.

"ఫోర్ వీల్ బండేగా, ఇంకా డిఫ్రెన్షియల్ మార్చే ఈ తతంగమంతా ఎందుకు?" అని మీకు అనుమానం వస్తుంది. అందరికీ వచ్చేదే. మామూలు డిఫ్రెన్షియల్ తండ్రి ఆస్తి పంచినట్టు పంచుతుంది: రెండు వైపులకీ సమానం, అయితే తక్కువ తీసుకున్నవాడికి ఎంతో రెండోవాడికీ అంతే. ఎడమ చక్రం బురదలో పట్టు లేక ఊరికే తిరుగుతోందంటే దానికి అందే బలం దాదాపు సున్నా. గట్టి నేల మీదున్న కుడి చక్రానికీ అదే సున్నా. నాలుగు చక్రాల బండి అయినా ముందు ఒకటి, వెనక ఒకటి ఐమూలగా గాల్లోనో బురదలోనో పడితే చాలు, ఇంజన్ అరుస్తుంది, బండి కదలదు. పుంత దారిలో ఒక పక్క గాడి, ఒక పక్క గట్టు. ఐమూల పడటం అక్కడ రోజూ ఉన్నదే.

మహీంద్రా 2010లో థార్‌ని తెచ్చింది. 2015లో మార్పులు చేసి విడుదల చేసినప్పుడు వెనక యాక్సిల్‌లో తనంతట తానే లాక్ అయ్యే డిఫ్రెన్షియల్ ఇచ్చింది. ఈయన బండి 2012ది. విజయవాడ ఆటోనగర్‌లో విప్పేసిన ఒక తర్వాతి థార్ నుంచి ఆ సరంజామా కొనుక్కొచ్చాడు. గోనె సంచిలో చుట్టి తెచ్చిన ఆ ఇనప ముద్ద ఇప్పుడు బెంచీ మీద ఉంది. పక్కనే కిరసనాయిలు డబ్బా, బ్రష్షు.

చెయ్యి పెట్టి ఎత్తి చూడండి, బరువు తెలుస్తుంది. మామూలు డిఫ్రెన్షియల్ కేజ్‌లో నాలుగు చిన్న గేర్లూ వాటి పిన్నూ తప్ప ఏమీ ఉండవు. ఇందులో ఒక పక్క కిటికీలోంచి చిన్న చిన్న బరువులున్న గవర్నర్ కనపడుతుంది. రెండు చక్రాల వేగాల తేడా నిమిషానికి సుమారు 100 చుట్లు దాటితే ఆ బరువులు విచ్చుకుని ఒక కొక్కేన్ని పట్టుకుంటాయి. కొక్కెం ఆగగానే లోపలి క్యామ్ ఎక్కుడు ఎక్కి క్లచ్ ప్లేట్లని నొక్కేస్తుంది. రెండు యాక్సిల్ రాడ్లూ ఒకే రాడ్డు అయిపోతాయి. స్విచ్ లేదు, లీవర్ లేదు. రోడ్డెక్కి వేగం అందుకున్నాక మళ్లీ పట్టుకోకుండా ఏర్పాటు కూడా అందులోనే ఉంది. హైవే మీద మలుపులో లాక్ పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

నిజానికి ఈ అవసరం ఒక్క బురదలోనే కాదు. 1930ల్లో పోర్షె రూపకల్పన చేసిన ఆటో యూనియన్ రేసు కార్లలో ఇంజన్ బలానికి చక్రాలు ఊరికే తిరిగిపోతుంటే, జడ్‌ఎఫ్ కంపెనీ 1935లో జారుడుని అదుపు చేసే డిఫ్రెన్షియల్ తయారుచేసింది. ఒక ఏడాది బండి సామాను ఇంకో ఏడాది బండికి ఎక్కించడం స్పోర్ట్స్ కార్ల వాళ్లకి పాత పిచ్చే. మాజ్దా మియాటా తొలినాటి 1.6 లీటర్ బండ్లలో కొన్నిటికి విస్కస్ రకం ఉండేది, 1994లో 1.8 ఇంజన్‌తో పాటు పెద్ద డిఫ్రెన్షియలూ, టోర్సెన్ రకమూ వచ్చాయి. పాత బండికి అది ఎక్కించాలంటే చక్రాలకి పోయే రాడ్లు, ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా ఆ బండివే తేవాలి. ఒక వస్తువు కొందామని బయల్దేరినవాడు నాలుగు కొనుక్కొస్తాడు.

అందుకే మేస్త్రీ పానా పట్టకముందు చేసే పని లెక్క. వచ్చిన క్రౌన్ పళ్ల మీద సుద్దతో గీత పెట్టి తిప్పుతూ లెక్కపెడతాడు, తర్వాత పినియన్ పళ్లు. పాత విల్లీస్ జీపులతో చేతులు కాల్చుకున్న తరం అది. సీజే-3బీ జీపులో క్రౌన్‌కి 43 పళ్లు, పినియన్‌కి 8, అంటే 5.38. వేరే యాక్సిళ్లలో 39కి 8, అంటే 4.88. ముందు 5.38 ఉంచి వెనక 4.88 పెట్టి ఫోర్ వీల్ వేశారనుకోండి. ముందు చక్రాలు 100 మీటర్లు పోయేలోగా వెనకవి 110 పోవాలని చూస్తాయి. బురదలో జారి సర్దుకుంటాయి గానీ సిమెంటు రోడ్డు మీద ఆ పది మీటర్లూ ఎక్కడికి పోతాయి? ట్రాన్స్‌ఫర్ కేస్‌లోకో, యు-జాయింట్‌లోకో పోతాయి.

వచ్చిన క్రౌన్‌ని తిప్పుతుండగా మేస్త్రీ గోరు ఒకచోట ఆగుతుంది. మూడు పళ్ల మీద సన్నటి గుంటలు.

"ఇది వద్దండి. మీ క్రౌన్, మీ పినియన్ ఇన్నేళ్లు కలిసి అరిగిన జోడు. దాన్నే ఉంచుదాం. కేజ్ ఒక్కటీ మారుద్దాం."

మంచి నిర్ణయం. పినియన్ కదల్చక్కర్లేదు, దాని లోతు జోలికి పోనక్కర్లేదు. ముందు చక్రాలతో లెక్క తేడా వస్తుందన్న బెంగా లేదు. పాత థార్‌కి ఏబీఎస్ లేదు కాబట్టి సెన్సార్ల గొడవ కూడా లేదు. మిగిలింది యాక్సిల్ రాడ్ చివర స్ప్లైన్లు కొత్త కేజ్‌లో దిగుతాయా అన్నది. కుర్రాడు రాడ్ తెచ్చి గుచ్చుతాడు. చప్పుడు లేకుండా దిగింది. కాఫీ వచ్చింది.

తర్వాత గంటా గంటన్నర చెప్పుకోడానికేం లేదు. బోల్టులు, పుల్లర్, చెమట. పాత కేజ్ నుంచి క్రౌన్ విడదీసి మరుగుతున్న నీళ్లలో వేస్తారు. వేడికి వెంట్రుకవాసి సాగిన క్రౌన్, సమ్మెట దెబ్బ అక్కర్లేకుండా, కొత్త కేజ్ మీదికి జారిపోతుంది. బోల్టులకి లాక్‌టైట్ రాసి, ఎదురెదురు వరసలో, టార్క్ రెంచ్ టిక్‌మనే దాకా బిగిస్తారు.

ఇక అసలు పని. ఇక్కడ మీరు మాట్లాడకూడదు. మాట్లాడినా మేస్త్రీకి వినపడదు.

కేజ్ హౌసింగ్‌లో కూర్చుంది. క్రౌన్ పన్ను మీద డయల్ గేజ్ ముల్లు ఆనించి, పినియన్‌ని ఒక చేత్తో పట్టి, క్రౌన్‌ని అటూ ఇటూ ఆడిస్తాడు. పన్నుకీ పన్నుకీ మధ్య ప్లే. జీపు వెనక యాక్సిళ్లకి పుస్తకాల్లో కనపడే లెక్క 0.13 నుంచి 0.23 మిల్లీమీటర్లు. ముల్లు 0.34 దగ్గర ఆగింది.

"దూరంగా కూర్చుందండి."

మళ్లీ కేజ్ బయటికి. రెండు పక్కలా బేరింగ్‌ల వెనక షిమ్ములుంటాయి, బ్లేడు మందం రేకు చుట్టలు. క్రౌన్ పినియన్ దగ్గరికి జరగాలంటే ఒక పక్క తీసిన మందాన్ని రెండో పక్క వెయ్యాలి. మొత్తం మారకూడదు, మారితే బేరింగ్ బిగువు మారుతుంది. మేస్త్రీ ఒక షిమ్ముని మైక్రోమీటర్‌తో కొలిచి, గుడ్డతో తుడిచి, మళ్లీ కొలుస్తాడు. నూనె పొర కూడా లెక్కలోకి వస్తుంది మరి. కేజ్ లోపలికి, గేజ్, 0.25. ఇంకోసారి బయటికి. ఇంకోసారి లోపలికి. 0.18.

ఆయన మొహంలో మార్పేమీ లేదు. కుర్రాడు మాత్రం బోల్టుల పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు.

గ్రీజులో కలిపిన సిందూరం నాలుగైదు పళ్ల మీద పూసి, క్రౌన్‌ని చెక్కముక్కతో ఆపుతూ పినియన్‌ని తిప్పుతారు. రంగు తొలగినచోట పన్ను మీద ఒక మచ్చ మిగులుతుంది. అంచుకి ఎక్కినా, మొదట్లోకి దిగినా కూత తప్పదు. టార్చ్ పట్టి చూడండి: మచ్చ నడిమధ్యన, కోలగా ఉంది. పైసలు తీసుకోవాల్సింది ఈ మచ్చకే. కేజ్‌ని ఆటోనగర్‌లో ఎవరైనా అమ్ముతారు.

కొత్త గేరాయిల్ పోసి మూత బిగించేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. భోంచేసి బండిని తీసుకుపోయేది గోదావరి గట్టు దిగే ఇసక దారికి. మీరు వెనక సీట్లో, పైన రాడ్ గట్టిగా పట్టుకోండి. ఫోర్ వీల్ కావాలనే వెయ్యలేదు. ఎడమ వెనక చక్రం మెత్తటి ఒండ్రులో దిగింది. ఒక్క క్షణం ఊరికే తిరిగింది, బురద మడ్‌గార్డ్ దాకా ఎగిరింది. లోపల్నుంచి ఠక్‌మని ఒక మొరటు చప్పుడు. బండి వెనకనుంచి ఎవరో తోసినట్టు ఊగి, కుడి చక్రం కూడా తవ్వుకుంటూ గట్టెక్కింది.

"విరిగిందేంటండీ?" అన్నాడు బండి ఆయన, మొహం పాలిపోయి.

"లేదండి, పట్టుకుంది. అది అలాగే అరుస్తుంది. అయితే బురదలో దిగాక ఎక్సిలేటర్ మీద ఎక్కి తొక్కకండి. నెమ్మదిగా తొక్కితేనే అది నెమ్మదిగా పట్టుకుంటుంది. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఆయిల్ ఒకసారి దింపి చూపించండి."

షెడ్డుకి తిరిగొచ్చేసరికి కొబ్బరికాయల లోడుతో ఒక పికప్ ఆగి ఉంది. డ్రైవర్ బెంచీ మీది పాత కేజ్‌ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"ఇది ఎంతకిస్తారండీ, మా బండికి పడుద్దా?"

"ముందు మీ రాడ్ పట్రండి" అన్నాడు మేస్త్రీ, చేతులు తుడుచుకుంటూ.