నంబరు కింద నడిచిన పరిశోధన

2016 జులై 20న ఎథీరియం అనే బ్లాక్‌చెయిన్ నెట్‌వర్క్ రెండుగా చీలింది. అంతకు నెల రోజుల ముందు 'ది డావో' అనే ఉమ్మడి నిధి ప్రోగ్రాములోని లోపం పట్టుకుని ఎవరో ఎథీరియం నాణెమైన ఈథర్‌ను సుమారు 36 లక్షల మేర మళ్లించుకుపోయారు. పోయిన సొమ్ము కోసం లావాదేవీల చిట్టా దిద్దాలా, రాసింది రాసినట్టే ఉంచాలా? దిద్దవద్దన్నవాళ్లు పాత చిట్టాతోనే ఉండిపోయారు. అదే నేటి ఎథీరియం క్లాసిక్. యజమాని లేని చోట ఏ మార్పు మంచిదో తేల్చేదెవరన్న ప్రశ్న అప్పుడు అందరికీ గట్టిగా తగిలింది.

ఒక పద్ధతి మాత్రం అప్పటికే ఉంది. దాని మూలం పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో ఉంది. అక్కడ 2000 నుంచీ మార్పు కోరేవారు ప్రతిపాదన రాసి పెడతారు, దానికో నంబరు వేస్తారు, కారణాలూ అభ్యంతరాలూ అందరి కళ్లెదుటే నమోదవుతాయి. 2011లో ప్రోగ్రామర్ అమీర్ తాకీ ఈ పద్ధతిని బిట్‌కాయిన్‌కు తెచ్చాడు. 2015 అక్టోబరులో ఎథీరియం 'ఈఐపీ-1' (ఎథీరియం మెరుగుదల ప్రతిపాదన-1)తో అదే బాట పట్టింది. మరుసటి నెలలోనే ఫాబియన్ ఫోగెల్‌స్టెల్లర్ టోకెన్లకు ఉమ్మడి ప్రమాణం ప్రతిపాదించాడు. ఆ చర్చకు పడిన నంబరు 20. అదే ఈఆర్‌సీ-20.

ప్రతిపాదించే హక్కు అందరిదీ. దాన్ని ఇతరులపై రుద్దే అధికారం ఎవరికీ లేదు. నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లు నడిపేవాళ్లు కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించుకుంటేనే మార్పు అమల్లోకి వస్తుంది.

ఈ పద్ధతికి అసలు పరీక్ష, కరెంటు మింగే మైనింగ్‌ను వదిలి, ఈథర్‌ను పూచీగా పెట్టి బ్లాకులను ధ్రువీకరించే స్టేకింగ్‌కు మారడం. ఒకే నిర్దేశ పత్రాన్ని చదివి ప్రిజం, లైట్‌హౌస్, టెకు, నింబస్ బృందాలు వేర్వేరు భాషల్లో విడివిడిగా ప్రోగ్రాములు రాశాయి. 2020 ఆగస్టులో, వీటిని పరీక్షిస్తున్న 'మెడల్లా' ప్రయోగ నెట్‌వర్క్ తడబడింది. ప్రిజం టైము కోసం ఆరు సర్వర్లను అడిగి సగటు తీసేది. ఒక సర్వర్ 24 గంటలు ముందున్న టైము చెప్పింది, సగటు 4 గంటలు జరిగింది. ఎక్కువ మంది వాడేది ప్రిజమే కావడంతో బ్లాకులు ఖరారు కావడం కొన్ని రోజులు ఆగిపోయింది. ప్రిజం బృందం ఏం జరిగిందో పూసగుచ్చినట్టు రాసి బయటపెట్టింది. అందరూ ఒకే ప్రోగ్రాము మీద ఆధారపడకూడదన్న వాదనకు అంతకన్నా పెద్ద రుజువు అక్కర్లేకపోయింది. మూసిన గదిలో జరిగిన పరిశోధనైతే ఈ పాఠం ఆ గదిలోనే ఉండిపోయేది.

అలాగని ఇక్కడ అందరి గొంతూ సమానంగా వినిపిస్తుందనలేం. చాలామంది పరిశోధకుల జీతాలు 2014లో స్విట్జర్లాండ్‌లో ఏర్పడిన ఎథీరియం ఫౌండేషన్ నుంచే వస్తాయి. చర్చంతా దాదాపు ఇంగ్లీషులోనే. ఇది చిన్న లోపం కాదు.

అయినా పని జరిగింది. 2022 సెప్టెంబరు 15న నెట్‌వర్క్ ఆగకుండానే స్టేకింగ్‌కు మార్పు పూర్తయింది. విద్యుత్ వాడకం 99.95 శాతం మేర తగ్గిందని అంచనా. ఈఐపీలన్నిటి మీదా రచయితలు కాపీరైటు వదులుకుంటారు కాబట్టి, ఆ మార్పుకు దారితీసిన ప్రతిపాదనలను ఎవరైనా చదవచ్చు, అనువదించుకోవచ్చు, తప్పుంటే వేలెత్తి చూపవచ్చు.